ఐర్లండ్‌లో నా మొదటి ఓటు, ఆ తర్వాతి కౌన్సిల్ మీటింగులు

ఐర్లండ్‌లో స్థానిక ఎన్నికల్లో ఓటు వేయడానికి ఐరిష్ పౌరసత్వం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండి, అక్కడ నివాసం ఉంటే చాలు. ఇండియన్ పాస్‌పోర్టుతో వర్క్ పర్మిట్ మీద ఉన్నా సరే, స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే. ఓటు వేయడమే కాదు, కౌన్సిలర్‌గా నిలబడొచ్చు కూడా. ఇదేమీ నిన్న మొన్న వచ్చిన వెసులుబాటు కాదు, 1974 స్థానిక ఎన్నికల నాటికే ఉంది. డబ్లిన్ పడమటి శివారులో కాపురం పెట్టి కొన్నేళ్లు గడిచాక గానీ ఈ సంగతి నా చెవిన పడలేదు.

చెప్పింది కౌన్సిల్ కాదు, మా ఆఫీసు హెచ్ఆర్ కాదు. మా బాబును లైబ్రరీలో కథలు చెప్పించే క్లాసుకి తీసుకెళ్తే అక్కడ పరిచయమైన ఒక నైజీరియా ఆవిడ. 2024 జూన్ 7న ఎన్నికలు, రిజిస్టర్‌లో పేరుందా అని అడిగింది. మేం సిటిజెన్లం కాదు కదా అన్నాను. "నేనూ కాదు. కిందటిసారి వేశాను" అంది. వాళ్లకిది అలవాటైన వ్యవహారం. 2000లో నైజీరియా నుంచి శరణు కోరి ఈ దేశం వచ్చిన రొటిమి అడెబారి, నాలుగేళ్లకే పోర్ట్‌లీష్ టౌన్ కౌన్సిల్‌కి గెలిచి, 2007లో ఆ ఊరికి మేయర్ అయ్యాడు. ఆ పేరు ఆవిడ నోట మా ఇళ్లలో ఎన్టీఆర్ పేరు పలికినట్టు పలికింది.

ఆ రాత్రి మా చుట్టుపక్కల తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ ముక్క పెట్టాను. పండగ ఫోటోలకీ, పాత సోఫా అమ్మకాలకీ తప్ప దేనికీ కదలని గ్రూపు ఒక్కసారిగా మోగిపోయింది. ఓటేస్తే వీసా రెన్యువల్‌లో ఇబ్బంది పెడతారేమో అని ఒకరు. మన ఇండియన్ సిటిజెన్‌షిప్ పోతుందేమో, ముందు కనుక్కోండి అని ఇంకొకరు. ప్రాపర్టీ టాక్స్ కట్టమంటారని, జ్యూరీ డ్యూటీకి పిలుస్తారని కూడా అన్నారు. ఒక్కోదానికీ జవాబు వెతికి పెట్టడంలో నాకే ఇక్కడి ఎన్నికల చట్టం సగం వచ్చేసింది. ఓటుకీ వీసాకీ సంబంధం లేదు. ఇండియన్ పౌరసత్వం పోయేది వేరే దేశం పౌరసత్వం తీసుకున్నప్పుడే గానీ, ఉన్న ఊళ్లో కౌన్సిలర్‌కి ఓటేసినందుకు కాదు. ప్రాపర్టీ టాక్స్ ఇంటి ఓనర్‌ది, అద్దెకున్నవాడిది కాదు. జ్యూరీకి పౌరులనే పిలుస్తారు.

మా ఓటుకి హద్దు ఉంది, అదీ చెప్పాను. మాకు కౌన్సిల్ ఎన్నికలు ఒక్కటే. ఇతర యూరోపియన్ యూనియన్ దేశాలవాళ్లకి యూరోపియన్ పార్లమెంటుకి కూడా, బ్రిటిష్ వాళ్లకి ఐరిష్ పార్లమెంటుకి కూడా ఓటుంటుంది. రాష్ట్రపతి ఎన్నికలు, రిఫరెండంలు పౌరులకే. అందుకే ఓటర్ల జాబితాలో మాలాంటి వాళ్ల పేర్లకి 'ఎల్' అనే గుర్తు ఉంటుంది. లోకల్ ఓటర్ అని దాని అర్థం.

గ్రూపులో అందరికంటే ముందు ఈ దేశం వచ్చిన అన్నయ్య ఒకాయన ఉన్నారు. చివర్లో ఆయన పెట్టిన మెసేజ్: "మనం పని చేసుకోవడానికి వచ్చాం, వాళ్ల రాజకీయాలు మనకెందుకమ్మా." దానికి ఎవరూ బదులివ్వలేదు. నేనూ ఇవ్వలేదు.

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే. పీపీఎస్ నంబరు, పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ కావాలి. పీపీఎస్ అంటే ఇక్కడ ఉద్యోగానికీ పన్నుకీ అన్నిటికీ అడిగే నంబరు. ఎయిర్‌కోడ్ అంటే పిన్‌కోడ్ లాంటిదే గానీ వీధికొకటి కాదు, ఇంటికొకటి. అపార్ట్‌మెంట్లో ఏ ఫ్లాట్‌కి ఆ ఫ్లాట్‌కే వేరే కోడ్ ఉంటుంది. 2022లో ఎన్నికల సంస్కరణ చట్టం వచ్చాక ఇంత సులువైంది. అంతకు ముందు, గడువు దాటాక అనుబంధ జాబితాలో చేరాలంటే ఫారం పట్టుకుని గార్డా స్టేషన్‌కి, అంటే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి స్టాంపు వేయించుకోవాల్సి వచ్చేది. మన దగ్గర పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కడమంటే ఏమిటో తెలిసిన వాళ్లం, ఓటు కోసం ఎవరు ఎక్కుతారు? ఆ ఒక్క స్టాంపు ఎంతమందిని ఆపిందో లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

సులువే గానీ మన పేర్ల దగ్గరకొచ్చేసరికి చిక్కు పడింది. మనలో కొందరి పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీ. కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి వెనక. ఇంకొందరికి పేరు మూడు ముక్కలు, అందులో ఏది అసలు పేరో వాళ్లమ్మకే తెలుసు. పీపీఎస్ ఇచ్చినప్పుడు ఆ కౌంటర్లో మనిషి ఒకలా ఎక్కించి ఉంటాడు, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది, ఓటు ఫారంలో మనం మరోలా కొడతాం. పీపీఎస్ రికార్డుతో సరిపోకపోతే దరఖాస్తు అక్కడే నిలిచిపోతుంది. నాదీ అలాగే ఆగింది. కౌన్సిల్లో ఓటర్ల జాబితా చూసే విభాగాన్ని ఫ్రాంచైజ్ సెక్షన్ అంటారు. అక్కడికి ఫోన్ చేస్తే ఒకావిడ ఓపిగ్గా విని, "పీపీఎస్ లెటర్ మీద ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే కొట్టండి, ఏది ముందు ఏది వెనక అని ఆలోచించకండి" అంది. ఆ వాక్యాన్ని యథాతథంగా గ్రూపులో పిన్ చేశాను. ఆ తర్వాత ఆగిపోయిన దరఖాస్తులు దాదాపు లేవు. ఇంతటి చిన్న సూచన వెబ్‌సైట్‌లో మొదటి పేజీలోనే ఎందుకుండదని అడిగితే, మంచి ఆలోచనే అంది. ఇప్పటికీ ఆ పేజీలో లేదు.

జూన్ ఎన్నికలకి పేరు నమోదుకు గడువు మే 20. ఆదివారాలు బ్యాడ్మింటన్ ఆడే హాలు బయట, ఇండియన్ స్టోర్ ముందు చిన్న టేబుల్ వేసుకుని కూర్చునేవాళ్లం. స్టోర్ ఓనర్ పంజాబీ ఆయన, బియ్యం బస్తాల పక్కన చోటిచ్చాడు. స్టూడెంట్లు ఐదారుగురు కలిసి ఒకే ఇంట్లో ఉంటారు కదా, వాళ్ల భయం వేరు. అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లే ఉన్నాయి, మిగతావాళ్లం అడ్రస్ ఇస్తే ఓనర్‌కి తెలిసిపోతుందేమో అని. వాళ్లని నేను బలవంతపెట్టలేదు. కిరాయి ఇల్లు పోగొట్టుకుని ఓటు తెచ్చుకోమని డబ్లిన్‌లో ఎవరికీ చెప్పలేం. విజిట్ వీసా మీద మనవరాలిని చూడ్డానికి వచ్చిన ఒక బాబాయిగారు మాత్రం తనకి ఓటు లేదంటే నొచ్చుకున్నారు. "ఇన్నేళ్లలో ఒక్క పంచాయతీ ఎలక్షన్ తప్పలేదమ్మాయ్" అని, మాతో పాటు టేబుల్ దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకి ఫారం గురించి తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెబితే విన్నంతగా నేను చెబితే వినలేదు.

అసలు నా కళ్లు తెరిపించింది ప్రచారం. ఇండిపెండెంట్‌గా నిలబడిన ఒక అభ్యర్థి తన తరఫున ఇళ్లకి తిరగడానికి మనుషులు కావాలంటే, సరదాకే వెళ్లాను. ఇక్కడ మీటింగులు, మైకులు, ఊరేగింపులు ఉండవు. దీపస్తంభాలకి పోస్టర్లు కడతారు. అవి పోలింగ్‌కి ముప్పై రోజుల ముందు నుంచే కట్టాలి, అయిపోయిన ఏడు రోజుల్లో పీకెయ్యాలి, లేకపోతే జరిమానా. మిగతాదంతా తలుపు కొట్టడమే. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, వానలో.

అభ్యర్థి చేతిలో క్లిప్‌బోర్డు, దాని మీద వీధి వారీగా ఓటర్ల జాబితా. నంబరు 12లో ముగ్గురు, 14లో ఇద్దరు, 16లో ఎవరూ లేరు. అంటే 12, 14 తలుపులు కొట్టి 18కి పోవడమే. మొదటి వీధిలో నాకు ఇది తట్టలేదు. మా అపార్ట్‌మెంట్ల వైపు వచ్చాం. నాలుగు అంతస్తుల బ్లాకు, నాకు తెలిసి అన్ని ఫ్లాట్లలోనూ జనం ఉన్నారు. మనవాళ్లు, మలయాళీలు, బ్రెజిల్ వాళ్లు, పోలండ్ వాళ్లు. కాగితంలో మాత్రం ఆ బ్లాకు మొత్తానికి పేర్లు ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గేటు దగ్గర ఇంటర్‌కమ్ కూడా ఉంది. మాతో వచ్చిన పాత కార్యకర్త గడియారం చూసుకుని, "దీన్ని వదిలేద్దాం, పక్క ఎస్టేట్‌లో ఒక్కో ఇంట్లో నాలుగేసి ఓట్లున్నాయి" అన్నాడు. ఎస్టేట్ అంటే ఇక్కడ ఇళ్ల కాలనీ. అందులో ద్వేషం లేదు, లెక్క ఉంది. ఆ లెక్క ఐదేళ్లకోసారి, ఎన్నో ఎన్నికలుగా జరుగుతూ వస్తోంది. మా బ్లాకు ముందు ఫుట్‌పాత్ పగిలి ఉండటానికీ, పక్క ఎస్టేట్‌లో మొక్కలు ట్రిమ్ చేసి ఉండటానికీ కారణం నాకు ఆ క్లిప్‌బోర్డులో కనిపించింది.

మా నాన్న గుంటూరు జిల్లా పల్లెలో ఒక దఫా వార్డు మెంబరుగా చేశారు. ఓటర్ల లిస్టు ఆయన చొక్కా జేబులో నలిగిపోయి ఉండేది. ఎవరి కోడలు కాపురానికొచ్చింది, ఎవరు హైదరాబాద్ వెళ్లిపోయారు అన్నీ అందులో పెన్నుతో రాసుకునేవారు. ఊరు మారినా లిస్టు లిస్టే.

ఆ సాయంత్రాల్లో అన్ని తలుపులూ నవ్వుతూ తెరుచుకోలేదు. అంతకు ముందు నవంబర్ 23న, అంటే 2023లో, డబ్లిన్ సిటీ సెంటర్‌లో అల్లర్లు జరిగి బస్సులు, ట్రామ్ తగలబెట్టారు. ఆ వేడి ఇంకా చల్లారలేదు. ఒకాయన నా వంక చూడకుండా అభ్యర్థితోనే మాట్లాడాడు. తన కూతురు పెళ్లయి రెండేళ్లయినా ఇంకా ఈ ఇంట్లోనే పై గదిలో ఉందని, అద్దెకి ఇల్లు దొరకడం లేదని, వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారని. నాకు కోపం రావాల్సిందేమో, రాలేదు. నేనూ జీతంలో సగం అద్దెకి పోస్తున్నదాన్నే. అదే మాట ఆయనతో అన్నాను. "ఎంత కడుతున్నారు?" అని మొదటిసారి నా వైపు తిరిగి అడిగాడు. చెప్పాను. ఓనర్‌ని తిట్టాడు. ఓటు మాకేశాడో లేదో తెలీదు.

పోలింగ్ మా బాబు చదివే ప్రైమరీ స్కూల్లోనే. ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. వేలికి సిరా లేదు, మిషన్ లేదు. పాస్‌పోర్టు చూపించాను, పేరు మీద గీత గీశారు, కాగితం ఇచ్చారు. దారంతో కట్టిన పెన్సిల్. అభ్యర్థుల పేర్లు అక్షర క్రమంలో, పక్కన ఫోటో, పార్టీ గుర్తు. ఒకరికి టిక్ పెట్టి రావడం కాదు. నచ్చినవాళ్లకి 1, తర్వాత 2, 3 అని మనకి ఓపికున్నంత వరకు అంకెలు వేసుకుంటూ పోవాలి. మనవాళ్లందరికీ ముందే చెప్పాం, టిక్కులు, ఇంటూలు వద్దు, అంకెలే వేయండి అని.

ఈ అంకెల పద్ధతి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లకి ఇది చేసే మేలు బయటికి కనబడదు. ఒక్కో ఏరియాకి సాధారణంగా ఐదు నుంచి ఏడుగురు కౌన్సిలర్లు ఉంటారు. ఐదు సీట్లున్న చోట చెల్లిన ఓట్లు 12,000 అనుకోండి. సీట్లకి ఒకటి కలిపి, ఆరుతో భాగించి, ఒకటి చేర్చితే 2,001. అదే కోటా. అది అందుకున్నవాడు గెలిచినట్టే, మిగులు ఓట్లు రెండో అంకె ఉన్నవాళ్లకి పోతాయి. అందరికంటే కింద ఉన్నవాడిని తీసేసి అతని కాగితాలు కూడా అలాగే పంచుతారు. సీట్లు నిండేదాకా ఇదే తంతు. దీంతో ఏమవుతుందంటే, మా లాంటి చిన్న గుంపుకి సొంత అభ్యర్థి లేకపోయినా, మా 2, 3 అంకెలు కూడా ఎవరికో ఒకరికి అక్కరకొస్తాయి. "మొదటి ఓటు మీ వాళ్లకే వేసుకోండి, రెండోది నాకివ్వండి" అని అభ్యర్థి ధైర్యంగా అడగగలడు. మన దగ్గర అలా అడిగితే నవ్విపోతారు.

లెక్కింపు శనివారం పొద్దున ఒక స్పోర్ట్స్ హాల్లో. అభ్యర్థి ఇచ్చిన పాస్ మీద లోపలికి వెళ్లాను. నడుమెత్తు ఇనుప బారికేడ్లు, అవతల కౌన్సిల్ సిబ్బంది, ఇవతల పార్టీలవాళ్లు. పెట్టె బోర్లించగానే సిబ్బంది కాగితాలు ఒక్కోటీ విప్పి ముఖం పైకి పెడుతుంటారు. ఇవతలివాళ్లు బారికేడ్ మీదికి సగం ఒరిగి, ఆ క్షణంలో కనిపించిన 1 ఎవరికుందో చూసి కాగితం మీద గీతలు గీసుకుంటూ పోతారు. వీళ్లని ట్యాలీమెన్ అంటారు. ఒకడు చదువుతుంటే ఒకడు గీస్తాడు. పార్టీలు బద్ధశత్రువులే అయినా ఈ పని మాత్రం కలిసి చేసి, లెక్క పంచుకుంటారు. అధికారిక ఫలితం రాకముందే ఎవరు గెలుస్తారో వీళ్లు చెప్పేస్తారు. మా పక్కన నిలబడ్డ పెద్దాయన చేయి ముప్పై ఏళ్ల అలవాటుతో, చూపు తిప్పకుండా గీతలు గీస్తోంది.

పెట్టెలు ఏరియా వారీగా తెరుస్తారు కదా, ఏ స్కూలు పెట్టెలో ఎవరికి ఎన్ని పడ్డాయో మధ్యాహ్నానికల్లా అందరి చేతుల్లో ఉంటుంది. ఎవరు ఎవరికి వేశారన్నది రహస్యం. ఏ వాడ లేచి వచ్చి ఓటేసిందన్నది రహస్యం కాదు. మా స్కూలు పెట్టె తెరిచినప్పుడు ఆ పెద్దాయన "ఇది పోయినసారి కంటే బరువుగా ఉందే" అన్నాడు. మొత్తం దేశంలో ఓటేసింది సగం మందే, అందులో మా పెట్టె నిండటం వాళ్ల కంట పడింది. మా అభ్యర్థి రౌండు తర్వాత రౌండు పాక్కుంటూ వెళ్లి, కోటా అందుకోకుండానే చివరి సీటు దక్కించుకున్నాడు. అలా కూడా గెలవొచ్చు, పోటీలో ఇంకెవరూ మిగలకపోతే.

అదే నెలలో కేరళ నుంచి వచ్చి స్థిరపడ్డ బేబీ పెరెప్పాడన్ సౌత్ డబ్లిన్ కౌంటీ మేయర్ అయ్యారు. ఆయన కొడుకూ అదే కౌన్సిల్‌కి గెలిచారు. మా గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. మలయాళీలు మనకంటే ముందున్నారంటే ఆశ్చర్యమేం లేదు. నర్సులుగా ముందొచ్చారు, ఆసుపత్రుల్లో, చర్చిల్లో ఊరి జనంతో కలిసిపోయారు. మనం ఎక్కువమందిమి ఐటీ ఆఫీసు, ఇల్లు, ఇండియన్ స్టోర్ అనే ముక్కోణంలో తిరుగుతాం. 2016 జనాభా లెక్కల్లో ఇక్కడ ఇండియన్ పౌరులు పదకొండు వేల పైచిలుకు, 2022 నాటికి 45 వేలు దాటారు. ఆరేళ్లలో నాలుగింతలు. అంత కొత్త జనానికి ఎవరైనా దారి చూపాలి కదా, కౌన్సిల్ దగ్గర ఆ పని కోసమని మనిషి ఉన్నట్టు నాకైతే కనబడలేదు.

గెలిచిన మూడు వారాలకి మా కౌన్సిలర్‌కి ఒక జాబితా పంపాం. బస్సులు, స్కూల్లో సీట్లు, పోలీసు గస్తీ, డాక్టర్. అన్నీ చదివి, ఇందులో ఒక్కటీ నా చేతిలో లేదన్నాడు. మన మున్సిపాలిటీలా ఉంటుందనుకుంటాం గానీ ఇక్కడి కౌన్సిల్ చాలా బక్కది. స్కూళ్లు, పోలీసులు, ఆసుపత్రులు, బస్సులు జాతీయ సంస్థల కింద. నీళ్లకి వేరే సంస్థ. చెత్త ప్రైవేటు కంపెనీలు తీసుకెళ్తాయి. కౌన్సిల్‌కి మిగిలేవి ఇళ్లు, ప్లానింగ్, స్థానిక రోడ్లు, పార్కులు, లైబ్రరీలు. రోజువారీ అధికారమంతా నియమించిన చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ది, మన కమిషనర్ లాగా. దేశం మొత్తం మీద 31 కౌన్సిళ్లు, 949 మంది కౌన్సిలర్లు, వాళ్లలో చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుంటారు.

"పీపీఎన్‌లో చేరండి" అని ఆయనే సలహా ఇచ్చాడు. పబ్లిక్ పార్టిసిపేషన్ నెట్‌వర్క్. 2014 స్థానిక ప్రభుత్వ సంస్కరణల చట్టంతో ప్రతి కౌన్సిల్ పరిధిలోనూ పెట్టారు. కమ్యూనిటీ సంఘాలు, సామాజిక చేరిక కోసం పనిచేసే సంఘాలు, పర్యావరణ సంఘాలు ఇందులో సభ్యులు. వీళ్లు ఎన్నుకున్న ప్రతినిధులు కౌన్సిల్ విధాన కమిటీల్లో కౌన్సిలర్ల పక్కన కూర్చుంటారు. ఆ కమిటీల్లో కనీసం మూడోవంతు మంది బయటివాళ్లు ఉండాలని నియమం. మా బతుకమ్మ, ఉగాది బృందాన్ని రెండో విభాగంలో నమోదు చేయించాం. నియమావళి అడిగారు. అప్పటిదాకా మా నియమావళి "పులిహోర ఎవరు తెస్తారు" అన్నంత వరకే. ఒక వారాంతం కూర్చుని రెండు పేజీలు రాసుకున్నాం. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి అనేసరికి ఎప్పటిలాగే కోశాధికారి పదవి ఎవరికీ వద్దు.

మొదటిసారి కమిటీ మీటింగుకి పరిశీలకురాలిగా వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలకి పెట్టారు. ఉద్యోగం చేసేవాళ్లు సెలవు పెట్టాలి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, పసిపిల్లల తల్లులు రానే రాలేరు. కొత్తవాళ్లు ఎందుకు రావడం లేదన్నది కూడా ఆ రోజు ఎజెండాలో ఒక అంశం. నాకు మాట్లాడే అవకాశం ఇచ్చినప్పుడు టైం గురించే చెప్పాను. అధ్యక్షత వహించిన కౌన్సిలర్ రాసుకున్నాడు. ఏడాది తర్వాత నాలుగు మీటింగుల్లో ఒకటి సాయంత్రానికి మారింది, ఆన్‌లైన్‌లో చేరే వీలు కూడా పెట్టారు. ఇంకో ఇబ్బంది భాష కాదు, కాగితాలు. మీటింగుకి ముందు వచ్చే ఫైలు వంద పేజీలు దాటుతుంది. ఇంగ్లిష్‌లో ఎంబీఏ చేసినవాళ్లకే అందులో సగం అర్థం కాదు. ఇంటింటికీ రొట్టెలు డెలివరీ చేసే బ్రెజిల్ కుర్రాడికి ఏం అందుతుంది? ఒక పేజీలో సారాంశం ఇవ్వమని అడిగాం. కొన్నిసార్లు ఇస్తున్నారు.

ఇక పార్కు వ్యవహారం. మా అపార్ట్‌మెంట్లకీ బస్ స్టాప్‌కీ మధ్య ఒక పార్కు ఉంది. చలికాలం నాలుగున్నరకే చీకటి. ఆసుపత్రి షిఫ్టు నుంచి వచ్చే ఆడవాళ్లు, ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు ఆ పార్కు అడ్డంగా నడవాలి, లైట్లు లేవు. కౌన్సిల్ ఆ పార్కును బాగుచేసే ప్రణాళిక ఒకటి తెచ్చింది. సొంత పనులు చేపట్టేటప్పుడు కౌన్సిల్ పార్ట్ 8 అనే పద్ధతి పాటించాలి. ప్లాన్లు జనం చూసేలా పెట్టాలి, అర్జీలు తీసుకోవాలి, వచ్చిన అర్జీల సారం, వాటికి జవాబు చీఫ్ ఎగ్జిక్యూటివ్ రిపోర్టులో రాయాలి, తర్వాత కౌన్సిలర్ల ముందుకి రావాలి. ప్రైవేటు బిల్డర్ దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పాలంటే 20 యూరోలు కట్టాలి, దీనికి పైసా అక్కర్లేదు. మీ అర్జీని చెత్తబుట్టలో వేసే వీల్లేదు, అదే దీని గొప్ప.

అందరూ ఒకే ఉత్తరం కాపీ చేసి పంపుదామన్నారు. వద్దన్నాను. ఒకే ఉత్తరం వందమంది పంపితే రిపోర్టులో అది ఒక్క పాయింటే. ఎవరి సంగతి వాళ్లు రాశాం. ఒక నర్సు రాత్రి పదింటికి బస్సు దిగి ఫోన్ టార్చ్ వెలుగులో ఎలా నడుస్తుందో రాసింది. పార్కు చుట్టూ తిరిగి వెళ్తే ఎన్ని నిమిషాలు ఎక్కువో తొమ్మిదో తరగతి పిల్ల లెక్కగట్టి, మ్యాప్ గీసి పెట్టింది. తెలుగులో రాసిస్తే ఇంగ్లిష్ చేసి పంపినవి కూడా ఉన్నాయి.

జవాబు వచ్చింది. లైట్లు కుదరవు, గబ్బిలాలు ఉన్నాయి.

గ్రూపులో నవ్వులే నవ్వులు. మనుషుల కంటే గబ్బిలాలు ఎక్కువా అని. కానీ చదివితే అది సాకు కాదు. ఇక్కడ గబ్బిలాలకి చట్టరక్షణ ఉంది. పార్కు నడిమి చెట్ల వరుస వెంట అవి ఎగురుతాయని సర్వేలో తేలింది. వెలుతురు పడితే ఆ దారి వదిలేస్తాయి. గబ్బిలాల తరఫున కూడా అర్జీలు వచ్చాయి, పర్యావరణ సంఘాల నుంచి. వాళ్లు పీపీఎన్‌లో మా పక్క కుర్చీల్లో కూర్చునేవాళ్లే. వాళ్లతో టీ తాగుతూ మాట్లాడాం. ఆ సంఘంలో ఒక రిటైరైన టీచరమ్మ మమ్మల్ని సాయంత్రం పార్కుకి తీసుకెళ్లి, చేతిలో చిన్న మిషన్ పట్టుకుని గబ్బిలాల కూతలు వినిపించింది. మా బాబు వారం రోజులు అదే కథ చెప్పాడు. చివరికి వాళ్లూ మేమూ కలిసి ఒక మాట రాసిచ్చాం. నడిమి దారి చీకటిగానే ఉంచండి, రోడ్డు వైపు అంచున కొత్త దారి వేసి అక్కడ పొట్టి స్తంభాలకి కిందికి పడే లైట్లు పెట్టండి అని. అది ఆమోదం పొందింది. దారి పడింది. లైట్లలో సగమే వెలుగుతున్నాయి, మిగతావాటికి కరెంటు కనెక్షన్ ఇంకా రావాలట. ఏ దేశమైనా కరెంటు కనెక్షన్ కరెంటు కనెక్షనే.

2025 వేసవిలో పరిస్థితి మారింది. డబ్లిన్ చుట్టుపక్కల ఇండియన్ల మీద వరసగా దాడులు జరిగాయి, జూలైలో టాలా అనే శివారులో జరిగినది వార్తల్లోకెక్కింది. నిర్మానుష్య ప్రాంతాలకి వెళ్లొద్దని ఆగస్టు 1న మన ఎంబసీ హెచ్చరిక జారీ చేసింది. ఇండియా డే వేడుక వాయిదా పడింది. పిల్లల్ని పార్కుకి పంపడానికే భయం. గ్రూపులో ఇంటికి వెళ్లిపోదామన్న మాటలు మొదలయ్యాయి. అప్పుడు మా కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తే ఎత్తాడు. గార్డా అధికారిని వెంటబెట్టుకుని కమ్యూనిటీ హాలుకి వచ్చాడు. పోలీసింగ్ కౌన్సిల్ పని కాదని నాకు ఆపాటికి తెలుసు, అయినా పిలిస్తే వచ్చే మనిషి ఉండటం వేరు. ఆ సభకి మా బ్లాకులోనివాళ్లే కాదు, పక్క ఎస్టేట్‌లోవాళ్లు కూడా వచ్చారు. వెనక వరసలో గబ్బిలాల టీచరమ్మ. ఫిర్యాదు చేస్తే వీసాకి ఇబ్బందా అని మన కుర్రాడు అడిగాడు, కాదని ఆ అధికారి అందరి ముందూ చెప్పాడు. ఆ ఒక్క మాట కోసం సభ పెట్టినా నష్టం లేదు. ఇకపై ఇలాంటివి చర్చించడానికి స్థానిక భద్రతా భాగస్వామ్య కమిటీలు వస్తున్నాయి, ముందు లాంగ్‌ఫర్డ్, వాటర్‌ఫర్డ్, ఉత్తర డబ్లిన్ నగర భాగంలో ప్రయోగంగా నడిపారు. అందులో కమ్యూనిటీ ప్రతినిధులకి చోటుంది. మావాళ్లలో ఒకరిని పంపాలని చూస్తున్నాం.

"మనకెందుకమ్మా" అన్న అన్నయ్య ఆ సభలో కుర్చీలు సర్దారు. ఓటు నమోదు చేసుకున్నారో లేదో అడగలేదు.

ఇప్పుడున్న పెద్ద తలనొప్పి ఏమిటంటే జాబితా నిలవదు. అద్దెవాళ్లం కదా, ఏడాది తిరిగేసరికి ఇల్లు మారతాం. మారినప్పుడల్లా అడ్రస్ మార్చుకోకపోతే పాత ఫ్లాట్‌లో మన పేరు, కొత్త ఫ్లాట్‌లో ఖాళీ. ఐరిష్ పౌరసత్వం వచ్చినవాళ్లు కూడా రిజిస్టర్‌లో ఆ సంగతి మార్పించుకోవాలి, లేకపోతే పార్లమెంటు ఓటు రాదు. కొత్తగా దిగినవాళ్లకి గ్రూపులో పంపే మెసేజ్‌లో బ్యాంక్ అకౌంట్, సిమ్ కార్డ్, ఇండియన్ స్టోర్ అడ్రస్‌తో పాటు ఓటు లింకు కూడా పెడుతున్నాం.

వచ్చే స్థానిక ఎన్నికలు 2029లో. అప్పుడు నిలబడతానని మా బ్లాకులో ఒక అమ్మాయి ఇప్పటినుంచే అంటోంది. మాస్టర్స్ చేయడానికి కడప నుంచి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరింది. పార్టీ లేకుండా నామినేషన్ వేయాలంటే ఆ ఏరియా ఓటర్లు పదిహేను మంది సంతకం చేయాలి, లేదా 100 యూరోల డిపాజిట్ కట్టాలి. డబ్బు కట్టేస్తే పని సులువు కదా అంటే, "వద్దక్కా, సంతకాలే పెట్టిస్తా. ఆ పదిహేను మందిలో సగం పక్క ఎస్టేట్‌లోవాళ్లవే ఉండాలి" అంది. నా సంతకం ఎలాగూ ఉంటుంది కాబట్టి, మా ఇల్లు మారకుండా చూసుకోమని షరతు కూడా పెట్టింది.